డబ్బింగ్‌లో చూసుకుందాం అనే మాట రాకుండా తిరుపతిలో సౌండ్ పట్టడం ఎలా?

మీరు సౌండ్ పనిలోకి కొత్తగా దిగారనుకుందాం. రికార్డర్, ఎదుటి మాటను ఎక్కువగా పట్టే పొడవాటి షాట్‌గన్ మైక్, బట్టలకు తగిలించే రెండు చిన్న లేపల్ మైకులు, మైక్‌ను నటుల తలపైకి చాపే ఒక బూమ్ కర్ర సమకూర్చుకున్నారు. తిరుపతిలోనో చిత్తూరులోనో ఒక షార్ట్ ఫిల్మ్, వెబ్ సిరీస్, లేకపోతే టీవీ ఇంటర్వ్యూ దొరికింది. ఇంట్లో చెప్పగానే మీ చిన్నాన్న అడిగే మొదటి ప్రశ్న: "సౌండంటే డీజేనా నాయనా? మనోళ్ల గృహప్రవేశానికి రెండు బాక్సులు పెట్టిస్తావా?" నవ్వి ఊరుకోండి. సెట్‌కు వెళ్లాక కూడా మీ పనేమిటో సగం మందికి తెలియదు. ఇప్పట్నుంచే అలవాటు పడటం మంచిది.

మన సినిమాల్లో మాటలు చాలావరకు డబ్బింగ్ థియేటర్‌లోనే పలుకుతాయి. అందుకే యూనిట్‌లో లైట్‌మ్యాన్ దగ్గర్నుంచి డైరెక్టర్ దాకా అందరి నోటా ఒకటే మాట: "డబ్బింగ్‌లో చూసుకుందాం." 1932లో మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చేనాటికి ఈ వెసులుబాటు లేదు. మాటైనా పాటైనా సెట్‌లోనే, అప్పటికప్పుడే పట్టాలి. చిత్తూరు పేరును ఇంటిపేరులా మోసిన నాగయ్యగారిది తన పాట తనే పాడుకున్న తరం. ఆ తర్వాత డబ్బింగ్ వచ్చింది, దాంతోపాటే సెట్‌లో ఎంత గోలున్నా ఫరవాలేదనే ధీమా వచ్చింది. కానీ టీవీ ఇంటర్వ్యూకు, డాక్యుమెంటరీకి, చిన్న బడ్జెట్ వెబ్ సిరీస్‌కు డబ్బింగ్ పెట్టేంత డబ్బులుండవు. కొడుకును తలుచుకుని ఏడ్చిన తల్లిని మళ్లీ పిలిచి, "అమ్మా, అదే ఏడుపు ఇంకోసారి" అని అడగనూ లేరు. కాబట్టి మీ పనిలో సగానికి పైగా మైక్ ఆన్ చేయకముందే అయిపోవాలి.

ముందురోజు వెళ్లి వినండి

లొకేషన్ చూడటానికి డైరెక్టరూ కెమెరామ్యానూ వెళ్తారు. మిమ్మల్ని పిలవరు. మీరే అడిగి వెళ్లండి. కారులో చోటు లేదంటే బండి మీదైనా వెళ్లండి. వాళ్లు గోడ రంగు, కిటికీలోంచి పడే ఎండ చూసుకుంటుంటే మీరు ఒక మూల నిలబడి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్లు మూసుకుని పది నిమిషాలు వినండి. మామూలుగా ఉన్నప్పుడు మన చెవి చాలా శబ్దాలను వదిలేస్తుంది, మైక్ దేన్నీ వదలదు. నిశ్శబ్దంగా ఉందనుకున్న గదిలో ఫ్రిజ్ మోత, ట్యూబ్‌లైట్ చోక్ గీ అనడం, మేడమీద ఎవరో మంచం జరపడం, వీధి చివర వెల్డింగ్ షాపు అన్నీ అప్పుడు బయటపడతాయి.

విన్నవాటిని మూడు రకాలుగా రాసుకోండి. మనం ఆపగలిగేవి: ఫ్యాను, ఫ్రిజ్, టీవీ, పక్కింటి మిక్సీ. ఆపలేం గానీ ఆగేదాకా ఉండగలిగేవి: రైలు, విమానం, స్కూలు వ్యాను. ఆపనూ లేనివి, ఆగనూ ఆగనివి: హైవే, జలపాతం, సీజన్‌లో రాత్రింబవళ్లు నడిచే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. మూడో రకం ఒక్కటి కనిపించినా ఆ రోజే డైరెక్టర్‌తో మాట్లాడండి. చోటైనా మారాలి, వేళైనా మారాలి, లేదా ఆ సీన్ డబ్బింగ్‌కే అని ముందే ఒప్పుకోవాలి. షూటింగ్ రోజు చెబితే అది ఫిర్యాదు అవుతుంది. ముందురోజు చెబితే సలహా అవుతుంది, పైగా మేనేజర్‌కు మీమీద కోపం రాదు.

వినడానికి వెళ్లేది సరిగ్గా షూటింగ్ జరిగే వేళకే కావాలి. తిరుపతిలో ఒకే వీధి పూటకో రకంగా ఉంటుంది. గోవిందరాజస్వామి గుడి, రైల్వే స్టేషన్ పక్కపక్కనే ఉండే ఆ చుట్టుపక్కల వీధుల్లో తెల్లవారుజామున గుడి మైకు, ఆ వెంటనే రైలు అనౌన్స్‌మెంట్, ఆ మీద "గోవిందా గోవింద" అంటూ జీపుల్లో వచ్చే భక్తులు. ఎనిమిదింటికి టమాటాల ఆటో వస్తుంది. "రండమ్మా రండి, మదనపల్లి టమాటా" అని స్పీకర్‌లో రికార్డ్ చేసి పెట్టిన గొంతుకు దయాదాక్షిణ్యాలుండవు. పన్నెండు దాకా కుక్కర్ విజిళ్లు. భోజనాలయ్యాక ఒంటిగంట నుంచి మూడు దాకా ఊరు కాస్త కునుకు తీస్తుంది. ముఖ్యమైన మాటల సీన్ ఆ వేళకు పడేలా అసిస్టెంట్ డైరెక్టర్‌ను బతిమాలండి. ఎండ నెత్తిమీద ఉంటుందని కెమెరామ్యాన్ ఒప్పుకోకపోతే, ఇంటి లోపలి సీన్లయినా అప్పుడు పెట్టించుకోండి.

క్యాలెండర్ కూడా చూడండి. డిసెంబరు సగం నుంచి జనవరి సగం దాకా ధనుర్మాసం. కొండమీద సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపించే ఆ నెలరోజులూ కింద ఊళ్లో గుడిగుడికీ తెల్లవారుజామున మైకు మోగుతుంది. మే నెలలో గంగమ్మ జాతర వారమంతా డప్పులే. పెళ్లి ముహూర్తాలున్న రోజుల్లో కల్యాణమండపం పక్క ఇంట్లో షూటింగ్ ఒప్పుకోకండి. నాదస్వరం ఒక్కసారి అందుకుందంటే తాళి కట్టి, ఫొటోలు దిగి, భోజనాలయ్యేదాకా మీ హీరోయిన్ గుసగుసగా మాట్లాడే సీన్ సాగదు. ఆషాఢంలో మాత్రం ఆ బెడద ఉండదు. సౌండ్‌వాడికి పంచాంగం అవసరమేంటని నవ్వేవాళ్లు నవ్వనీ.

పల్లెల్లో అయితే అడగాల్సిన ప్రశ్న ఒకటే: "ఇక్కడ బోర్లకు కరెంటు ఎప్పుడిస్తారన్నా?" మన జిల్లాల్లో చేనుకు కరెంటు వచ్చిన మరుక్షణం మోటార్లన్నీ ఒకేసారి ఎత్తుకుంటాయి. ఆ టైం తెలిస్తే సగం షెడ్యూల్ తెలిసినట్టే.

జనరేటర్ వ్యాను ఎక్కడ పెడతారో కూడా ముందురోజే తేల్చుకోండి. పెద్ద గోడకో, ఇంకో బిల్డింగ్‌కో వెనకాల, వీలైనంత దూరంగా పెట్టమనండి. షూటింగ్ రోజు అడిగితే జనరేటర్ అన్న నోట వచ్చే జవాబు మనకు తెలిసిందే: "కేబుల్ చాలదు సామీ." ఎన్ని మీటర్ల కేబుల్ వస్తుందో ముందే మేనేజర్‌ను అడిగితే ఆ జవాబుకు చోటుండదు.

ఇంట్లో షూటింగ్: అవ్వ, ఫ్రిజ్, బల్లి

షూటింగ్‌కు ఇల్లిచ్చినవాళ్లు మీకు దేవుళ్లు. వెళ్లగానే కేబుళ్లు పరిచేయకుండా ముందు ఇంటి పెద్దావిడను పలకరించండి. ఎందుకంటే ఇంకో గంటలో ఆమె ఫ్రిజ్ ఆపమని మీరే అడగాలి.

"అవ్వా, ఫ్రిజ్ ఒక్క పది నిమిషాలు ఆపుకుందామా?"

"పాలుండాయి నాయనా. విరిగిపోతే?"

"విరిగితే నేను తెచ్చిస్తానవ్వా."

"తెస్తావులే. మళ్లా ఆన్ చేసేది మర్చిపోతారు మీరు. పోయినసారి వచ్చినోళ్లు ఇట్లనే చేసి పోయినారు, పొద్దున్నే చూస్తే ఇడ్లీ పిండి పొంగి ఫ్రిజ్జంతా కారిండాది."

అవ్వ చెప్పింది నిజం. ఫ్రిజ్ ఆపడం ఎవరికైనా గుర్తుంటుంది, ప్యాకప్ చెప్పాక ఆన్ చేయడం గుర్తుండదు. దీనికి సౌండ్‌వాళ్లలో పాత చిట్కా ఒకటుంది: మీ బండి తాళం తీసుకెళ్లి ఆ ఫ్రిజ్‌లోనే పెట్టండి. ఇంటికి పోవాలంటే ఫ్రిజ్ తలుపు తీయాల్సిందే. అవ్వ చూస్తుండగానే పెట్టండి, ఆమెకూ నమ్మకం కుదురుతుంది. తాళం చల్లగా ఉంటుంది, మే నెలలో అదీ సుఖమే.

ఫ్యాన్ల దగ్గర ఎక్కువ గొడవ వస్తుంది. మే నెల తిరుపతిలో తలుపులు మూసి, లైట్లు వేసి, ఫ్యాను ఆపితే గదిలో ఉన్నవాళ్లందరూ మిమ్మల్నే చూస్తారు. కాబట్టి ఫ్యాను బాధ్యత ఒక కుర్రాడికి అప్పజెప్పండి. "రోల్ సౌండ్" అనగానే ఆపాలి, "కట్" అనగానే వేయాలి. రెక్కలు పూర్తిగా ఆగేదాకా ఆగమని ముందే చెప్పుకోండి, లేకపోతే మొదటి డైలాగ్ వెనకాల ఫ్యాను నెమ్మదించే చప్పుడు పడుతుంది. గోడ గడియారంలో బ్యాటరీ తీసేయండి. టిక్ టిక్ పోతుంది, టేకు టేకుకూ టైం మారి ఎడిటర్ తిట్టే పనీ తప్పుతుంది.

పక్కింటి మిక్సీ సంగతి మీరు స్వయంగా వెళ్లి మాట్లాడండి. ప్రొడక్షన్ బాయ్‌ను పంపితే "ఆపండి" అని చెప్పి వస్తాడు, మిక్సీ ఇంకాస్త గట్టిగా తిరుగుతుంది. "అక్కా, ఒక్క పావుగంట" అని మీరే అడిగితే వాళ్లు అడిగేది ఒకటే: "ఎవురు హీరో?" పేరు చెప్పండి. వాళ్లకు ఆ పేరు తెలియకపోతే, "కొత్తోడక్కా, మన ఊరోడే" అనండి. మన ఊరోడంటే మిక్సీ ఆగుతుంది. సీన్ అయ్యాక మళ్లీ వెళ్లి అయిపోయిందని చెప్పి రండి. అది మరిచిపోతే రెండో రోజు ఆ ఇంట్లో పచ్చడి ఆగదు.

బల్లిని మాత్రం ఎవరూ ఆపలేరు. అంతకన్నా కష్టం, బల్లి పలకగానే గదిలో ఉన్న పెద్దవాళ్లు వేలితో నేలమీద తట్టి "సత్యం" అనడం. హీరో "నేను నిన్ను మోసం చేయలేదు" అన్న మరుక్షణం ఇది జరిగితే యూనిట్ మొత్తం నవ్వుతుంది, టేకు పోతుంది. ఇంటివాళ్లను మానిటర్ దగ్గర కుర్చీలేసి కూర్చోబెట్టండి. షూటింగ్ చూసినట్టూ ఉంటుంది, మైక్‌కు దూరంగానూ ఉంటారు.

గది మోగుతుంటే, అంటే టైల్స్ నేల, సిమెంటు గోడల మధ్య మాట గింగురుమంటుంటే, పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. దగ్గర్లోని షామియానా షాపులో జంపఖానాలు, పరుపులు అద్దెకు దొరుకుతాయి. కెమెరాకు కనపడని గోడకు రెండు వేలాడదీసి, నేలమీద ఒకటి పరిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఇంకో మాట: చిన్న గదిలో షాట్‌గన్ మైక్ అన్ని వేళలా మంచిది కాదు. దాని పొడవాటి గొట్టం పక్కల నుంచి వచ్చే శబ్దాన్ని తగ్గించడానికే ఉంది గానీ, గోడల మీద పడి తిరిగొచ్చే మాటను అది వింతగా మార్చేస్తుంది. హైపర్‌కార్డియాయిడ్ మైక్ (ఆ పొడవాటి గొట్టం లేకుండానే ముందువైపు మాటను ఎక్కువగా పట్టే పొట్టి మైక్) ఒకటి అద్దెకు దొరికితే ఇంటి లోపలికి అదే వాడండి.

భోజనం సీన్ ఉంటే ఆర్ట్‌వాళ్లతో ఒక్క మాట. స్టీలు కంచంలో గరిటె తగిలిన ప్రతిసారీ ఒక డైలాగ్ పోతుంది. కంచం బదులు అరిటాకు వేయమనండి. చూడటానికి బాగుంటుంది కాబట్టి డైరెక్టర్ అది తన ఐడియానే అనుకుంటాడు. అనుకోనివ్వండి.

మైక్ ఎక్కడ పెట్టాలి

మంచి మైక్ కొంటే మంచి సౌండ్ వస్తుందని కొత్తవాళ్లు అనుకుంటారు. మైక్ ఖరీదు కంటే నోటికి ఎంత దగ్గరగా ఉందన్నదే ముఖ్యం. దూరం రెట్టింపయితే మనిషి గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది. వీధిలోని ఆటో మోత మాత్రం పడిపోదు, ఎందుకంటే అది ఎలాగూ దూరంగానే ఉంది. రికార్డర్‌లో గెయిన్ (మైక్ శబ్దాన్ని పెంచే మీట) పెంచితే రెండూ కలిసి పెరుగుతాయి. కాబట్టి గెయిన్ పెంచే ముందు మైక్‌ను జరపండి.

క్లోజప్‌లో బూమ్ తలకు పైన, కాస్త ముందుగా, రెండడుగుల లోపు ఉండాలి. మైక్ మొన నోటి వైపో, గుండె పైభాగం వైపో చూడాలి. షాట్‌కు ముందు కెమెరామ్యాన్‌ను "ఫ్రేమ్ ఎక్కడిదాకా సార్?" అని అడిగి, మైక్‌ను కావాలనే ఫ్రేమ్‌లోకి దించండి. అతను అరుస్తాడు. అరిచినచోటి నుంచి నాలుగు వేళ్లు పైకెత్తి అక్కడే ఉంచండి. అడగకుండా భయపడుతూ రెండు మీటర్లు ఎత్తున పట్టుకునే బూమ్‌మ్యాన్ వల్ల ఎవరికీ లాభం లేదు. నీడ పడుతుందంటే మెయిన్ లైట్ ఏ పక్కనుంచి వస్తోందో చూసి, రెండో పక్కనుంచి రండి.

బూమ్ పట్టడం వాహన సేవలో ఉత్సవమూర్తికి గొడుగు పట్టినట్టుండాలి. ఆయన కదిలితే కదలాలి, ఆగితే ఆగాలి, చూసేవాళ్ల కళ్లు మాత్రం గొడుగు మీద పడకూడదు. చేతులు తలకు పైన చాపి, మోచేతులు కాస్త వంచి, బరువు భుజాల మీద మోయండి. కర్ర మీద వేళ్లు జారితే ఆ చప్పుడు రికార్డ్ అవుతుంది, ఉంగరాలు తీసేయండి. డైలాగులు బూమ్‌మ్యాన్‌కు కంఠతా రావాలి. ఎవరి తర్వాత ఎవరు మాట్లాడతారో తెలియకుండా మైక్ తిప్పితే ప్రతి డైలాగులో మొదటి అక్షరం పోతుంది.

లేపల్ మైక్‌కు మన బట్టలే శత్రువులు. పట్టుచీర గరగరమంటుంది. నల్లపూసలు, తాళిబొట్టు, గొలుసు మైక్‌కు తగిలి టిక్కుటిక్కుమంటాయి. పైట మడతలో, గొలుసులకు పైనో పక్కనో మైక్ పెట్టి, మెడికల్ టేప్‌తో రెండు పక్కలా అతికించి, మధ్యలో మైక్ బట్టకు ఒరుసుకోకుండా చూడండి. వైరును చిన్న ఉంగరంలా చుట్టి కాస్త కింద అతికిస్తే, వైరు లాగినా ఆ చప్పుడు మైక్ దాకా పోదు. ఆడవాళ్లకు మైక్ పెట్టేది కాస్ట్యూమ్ అమ్మాయే. మీరు ఎక్కడ, ఎలా పెట్టాలో చెప్పి ఇవతల నిలబడండి. గాజులున్న చేత్తో ఆవిడ ప్రతి మాటకూ చేతులు తిప్పుతుంటే, సీన్‌కు అవసరం లేని గాజులు తీయించమని డైరెక్టర్ ద్వారా చెప్పించండి, మీరే వెళ్లి చెప్పకండి.

ఇంటర్వ్యూకు నాయకులొస్తే ఖద్దరు చొక్కా గురించి ఆలోచించాలి. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన ఖద్దరు పట్టుచీర కంటే ఎక్కువ మోత చేస్తుంది. ఆయన ఊపిరి తీసినా కాగితం నలిపినట్టుంటుంది. మైక్ చొక్కా లోపల దాచకుండా కాలర్‌కు బయటే పెట్టండి. న్యూస్‌లో అందరూ అలాగే కనిపిస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు.

లేపల్ మైక్ మాటను వైరు లేకుండా రికార్డర్‌కు పంపే వైర్‌లెస్ సెట్‌లు రెండు రకాలు. చౌకగా దొరికేవి ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్ మీద పని చేస్తాయి, అదే వైఫై నడిచే చోటు. జనం ఫోన్లతో గుమిగూడిన చోట వీటికి తెగిపోయే జబ్బుంది. నటుడి నడుముకుండే ట్రాన్స్‌మిటర్‌కూ మీ దగ్గరుండే రిసీవర్‌కూ మధ్య మనిషి ఒళ్లు అడ్డం రాకుండా, రెండింటికీ సూటిగా చూపుండేలా నిలబడండి. ఖరీదైన యూహెచ్ఎఫ్ సెట్ అయితే లొకేషన్ మారిన ప్రతిసారీ ఫ్రీక్వెన్సీ స్కాన్ చేయండి. బ్యాటరీలు లంచ్ బ్రేక్‌లో తప్పకుండా మార్చండి, అవి ఇంకా సగం ఉన్నా సరే.

సెట్టింగులకు ఎక్కువ టైం అక్కర్లేదు. రికార్డర్‌ను 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో పెట్టండి. రికార్డర్ మీటర్‌లో మామూలు మాట మైనస్ 20 డెసిబెల్స్ దగ్గర ఆడుతూ, గట్టిగా అన్నప్పుడు మైనస్ 10 దాటకుండా చూసుకోండి. 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ ఉంటే హీరో అరిచినా ఫైల్ పగలదు, నిజమే. అయితే అది పక్కింటి మిక్సీని ఆపదు, ట్రాన్స్‌మిటర్‌లో పగిలిపోయిన మాటను అతికించదు.

సెట్‌లో ఎలా మాట్లాడాలి

లైటింగ్‌కు గంటన్నర పడితే ఎవరూ ఏమీ అనరు. మీరు "ఒక్క నిమిషం, రైలు పోతోంది" అంటే అందరూ వాచీ చూసుకుంటారు. ఇది అన్యాయమే గానీ వాదించి లాభం లేదు. రేణిగుంట నుంచి తిరుపతి, చంద్రగిరి, పాకాల మీదుగా చిత్తూరు పోయే లైను పక్కన షూటింగయితే రైళ్ల టైములు ఫోన్‌లో చూసుకుని, "సార్, ఇప్పుడు తీసుకుంటే పది నిమిషాలు ఖాళీ" అని ముందే చెప్పండి. రైలు వచ్చాక అడ్డం పడే మనిషి కన్నా, రాకముందే తొందర పెట్టే మనిషికి విలువెక్కువ.

టేకు మధ్యలో ఆపకండి. మీకు విమానం వినపడినంత మాత్రాన నటుడి కన్నీళ్లు ఆపే హక్కు మీకు లేదు. కట్ అయ్యాక డైరెక్టర్ దగ్గరికి వెళ్లి, అందరికీ వినపడకుండా మూడు ముక్కలు చెప్పండి: ఏ డైలాగ్, ఏం పడింది, ఏం చేద్దాం. "సౌండ్ బాలేదు సార్" అంటే ఆయనకు విసుగు. "సార్, 'ఎందుకొచ్చావు' అన్నచోట హారన్ పడింది. ఆ ఒక్క ముక్క ఇప్పుడే విడిగా చెప్పించుకుంటా, అర నిమిషం" అంటే ఆయనకు ఇంకో టేకు మిగిలినట్టు. ఎక్కువసార్లు సరే అంటారు.

"ఇప్పుడు ఏఐతో అంతా తీసేయొచ్చంట కదా" అనేవాళ్లు ప్రతి సెట్‌లోనూ ఒకరుంటారు. ఫ్యాను, ఏసీ లాంటి ఒకే తీరుగా ఉండే మోతను ఇప్పటి సాఫ్ట్‌వేర్లు బాగానే తగ్గిస్తాయి. మాట మీద మాట పడితే, డైలాగ్ మీద టమాటాల ఆటో పడితే మాత్రం తీసేకొద్దీ గొంతు నీళ్లలోంచి మాట్లాడినట్టవుతుంది. ఆ మాటన్నవాళ్లకు హెడ్‌ఫోన్స్ ఇచ్చి ఒక్కసారి వినిపించండి, వాదన దానంతటదే ముగుస్తుంది. డైరెక్టర్‌కు ఒక జత హెడ్‌ఫోన్స్ పొద్దున్నే ఇచ్చేయడం ఇంకా మంచిది. తన చెవికి తగిలిన హారన్ మీద ఆయనే "ఒన్ మోర్" అంటాడు, మీరు చెడ్డవారు కానక్కర్లేదు.

క్లాప్ కొట్టే తమ్ముడితో స్నేహంగా ఉండండి. సీన్ నంబరు, టేకు నంబరు మైక్‌కు వినపడేలా చెప్పమనండి. క్లోజప్‌లో నటి ముఖం ముందు ఢాం అని కొట్టకుండా మెల్లగా తాకించినా చాలు, చప్పుడు స్పష్టంగా పడితే సరి.

బయట షూటింగ్

కొండమీద మాట ముందు చెప్పేస్తాను. అలిపిరి చెక్‌పోస్ట్‌లో బ్యాగులన్నీ చూస్తారు. బొచ్చు తొడుగులో ఉన్న మైకు, మడత పెట్టిన బూమ్ కర్ర, వైర్లున్న డబ్బా... ఇవి మాటల రికార్డింగ్ కోసమని నమ్మించేసరికి మీ తల ప్రాణం తోకకొస్తుంది. అనుమతి కాగితం లేకుండా సామానుతో వెళ్లనే వెళ్లకండి, దర్శనానికైతే సామాను కిందే పెట్టి వెళ్లండి.

ఊళ్లో బయటి సీన్‌కు గాలి తొడుగు తప్పనిసరి. నల్లటి స్పాంజి ఒక్కటే గాలికి ఆగదు, దానిమీద బొచ్చు తొడుగు కూడా ఉండాలి. తలకోనలో అయితే ఆ బొచ్చును కోతుల నుంచి కాపాడటానికి ఇంకో మనిషి కావాలి. జలపాతం దగ్గర మాటల సీన్ అంటే దాదాపు ఓటమే. ఆ హోరు అన్ని స్థాయిల్లోనూ నిండి ఉంటుంది, ఏ ఫిల్టరూ దాన్ని విడదీయదు. లేపల్ పెట్టి పైలట్ ట్రాక్ (తర్వాత మాటలు జతచేయడానికి ఆధారంగా ఉండే రికార్డింగ్) మాత్రం శుభ్రంగా తీసుకోండి. సీన్ అవగానే నటీనటులను హోరు వినపడనంత దూరం అడవిలోకి నడిపించి, అదే ఊపులో డైలాగులు విడిగా చెప్పించండి. ఆయాసం అలాగే ఉంటుంది, గొంతు అలాగే పెద్దగా ఉంటుంది. నెల తర్వాత ఏసీ గదిలో ఆ ఆయాసం రాదు. జలపాతం హోరు కూడా ఒక్క నిమిషం విడిగా పట్టుకోండి.

మామిడి తోటలు ప్రశాంతంగా కనిపిస్తాయి, కాయ కోసే జూన్, జులైలో మాత్రం కాదు. ట్రాక్టర్లు, క్రేట్లు విసిరేయడం, కూలీల కబుర్లు, సరిహద్దు దగ్గరైతే అందులో సగం తమిళం. వాళ్ల పని ఆపమనకండి, అది వాళ్ల సీజన్. తోటకు అవతలి మూల అడగండి.

"బ్రేక్" అనకముందు, ప్యాకప్ తర్వాత

ప్రతి లొకేషన్‌లోనూ ఎవరూ మాట్లాడకుండా, కదలకుండా, ఆ గది ఎలా ఉందో అలా అర నిమిషం నుంచి నిమిషం దాకా రికార్డ్ చేయాలి. ఎడిటర్‌కు డైలాగుల మధ్య ఖాళీలు పూడ్చడానికి అదే ఆధారం. దీన్ని లంచ్ బ్రేక్ చెప్పకముందే అడిగి తీసుకోండి. బ్రేక్ అన్నాక అన్నం గిన్నె మూత తీసిన చప్పుడు, "సాంబారెక్కడ?" అన్న కేక తప్ప ఇంకేమీ దొరకదు. అసిస్టెంట్ డైరెక్టర్‌తో "ముప్పై సెకన్లు ఎవరూ కదలకండి" అని గట్టిగా చెప్పించండి. సరిగ్గా ఇరవై అయిదో సెకనుకు ఎవరో ఒకరు దగ్గుతారు. మళ్లీ మొదటి నుంచి తీయండి, మొహమాటపడకండి.

ప్యాకప్ అయ్యాక మేకప్ వ్యాన్ దగ్గర పరుగెత్తి లేపల్ మైకులు వెనక్కి తీసుకోండి. ట్రాన్స్‌మిటర్ నడుముకు పెట్టుకునే ఇంటికి వెళ్లిపోయే నటులు చాలామంది ఉంటారు, వాళ్ల తప్పు కాదు. కార్డును రెండు వేరు వేరు డ్రైవుల్లోకి కాపీ చేసి, నాలుగైదు ఫైళ్లు తెరిచి విని, ఆ తర్వాతే ఫార్మాట్ చేయండి. తాళం కోసం ఫ్రిజ్ తెరిచినప్పుడు స్విచ్ వేసి రండి.

సౌండ్ రిపోర్ట్ కాగితం మీదైనా రాసి ఇవ్వండి. సీన్, టేకు, ఏ ట్రాక్‌లో ఎవరి మైక్, ఎక్కడ ఏం పడింది: "టేక్ 3, రెండో లైన్‌లో కుక్క. టేక్ 4 సౌండ్ బాగుంది. వైల్డ్ తీశాం." వైల్డ్ అంటే కెమెరా లేకుండా విడిగా చెప్పించుకున్న మాట. ఎక్కువమంది ఎడిటర్లు దాన్ని చదవరు. రెండు వారాల తర్వాత అర్ధరాత్రి ఫోన్ చేసి "బ్రో, ఆడియో అసలు బాలేదు, ఏదో దూరంగా ఉంది" అంటారు. కంగారు పడకండి, తొంభై తొమ్మిది పాళ్లు వాళ్లు వింటున్నది కెమెరాకు అంటుకుని వచ్చే ట్రాక్. "కెమెరా ట్రాక్ మ్యూట్ చేసి, సౌండ్ ఫోల్డర్‌లో ఆ సీన్ పేరుతో ఉన్న ఫైల్ పెట్టండి బ్రో" అన్న మెసేజ్ ఒకటి టైప్ చేసి ఫోన్‌లో దాచుకోండి, ప్రతి ప్రాజెక్ట్‌కూ కాపీ చేసి పంపొచ్చు.